లంకల్లో మకాముకు వెంట తీసుకుపోయే మరుగుదొడ్డి: మూడేళ్లు వాడాక

మూడేళ్ల క్రితం కార్తీకమాసంలో మా ఇంటిల్లిపాదీ, అంటే అయిదుగురం, పాలకొల్లు నుంచి బయలుదేరాం. నరసాపురం రేవులో పంటు (మనుషులనూ వాహనాలనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగి, అంతర్వేదిలో దర్శనం చేసుకుని, ఆ రాత్రికి సముద్రం ఒడ్డున తెలిసినవారి సరుగుడు తోటలో గుడారాలు వేసుకుని మకాం పెట్టాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తయ్యగారికి మంచినీళ్ల గ్లాసు అందిస్తే ఆవిడ రెండు గుక్కలు తాగి, ‘‘చాలమ్మాయ్, గొంతు తడిస్తే చాలు’’ అని పక్కన పెట్టేశారు. రాత్రి కూడా అంతే. డెబ్బై దాటిన మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయి గొంతుక్కూర్చోలేని మనిషి. తోటలో చాటు వెతుక్కుని వెళ్లడం తనవల్ల కాదని ఇంటి దగ్గరే అనుకుని, పొద్దుటి నుంచే నీళ్లు మానేశారు. ఆ సంగతి మర్నాడు ఇంటికొచ్చాక, ఆవిడకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ వారంలోనే వెంట తీసుకుపోయే మరుగుదొడ్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు రకాలు కొని వాడాను. వాటిలో ఒక్కటే ఇంట్లో మిగిలింది. ఆ మూడింటి మంచిచెడ్డలు, ముఖ్యంగా మన గోదావరి మధ్య ఉండే లంక దిబ్బల్లోనూ సముద్రతీరంలోనూ వాడితే కనబడేవి, ఇక్కడ రాస్తున్నాను.

‘గొయ్యి తీసి పూడ్చేస్తే పోయేదానికి ఇంత ఖర్చు ఎందుకు’ అని మావారే మొదట అన్నారు. కొండల్లోనూ అడవుల్లోనూ గుడారాలు వేసేవారికి చెప్పే పద్ధతి అదే: నీటికి 200 అడుగుల దూరంలో, 6 నుంచి 8 అంగుళాల లోతు గొయ్యి తీసి, పని అయ్యాక మట్టితో కప్పేయాలి. పై మట్టిలో ఉండే సూక్ష్మజీవులు మిగతా పని చూసుకుంటాయి. ఆ పద్ధతి మన డెల్టాకు సరిపడదు. లంకలో పిల్లలు ఆడుకుంటూ ఇసుకలో చేత్తో చెలమ తవ్వితే మూరెడు లోతు వెళ్లకుండానే నీళ్లు ఊరే చోట్లు ఎన్నో ఉన్నాయి. ఏ వైపు 200 అడుగులు నడిచినా ఏరో, కాలువో, చేపల చెరువో ఎదురవుతుంది. ఒట్టి ఇసుకలో మలాన్ని కుళ్లబెట్టే జీవులు కూడా తక్కువ. పూడ్చినది చాలాకాలం అలాగే ఉండి, వరదొచ్చినప్పుడు ఏటిలో కలుస్తుంది. తడి ఇసుకలో, మలం నుంచి వచ్చే కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు వట్టి పాదాల గుండా ఒంట్లోకి చేరతాయి కాబట్టి, మన తర్వాత ఆ చోట చెప్పుల్లేకుండా నడిచే పశువుల కాపరికీ కూలివారికీ మనం రోగం అంటించి వచ్చినట్టే అవుతుంది.

కాలువ గట్టు సంగతి ఇంకా సున్నితమైనది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గరనుంచి ఈ కాలువలే మనకు సాగునీరు, తాగునీరు కూడా. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీటితోనే. అందుచేత గట్టు వెనక ఎవరికీ కనబడకుండా చేసిన పని కూడా దిగువన ఎవరింటి బిందెలోకో చేరుతుంది. మన మలమూత్రాలను మనమే మూతపెట్టి ఇంటికి తెచ్చుకోవడం తప్ప ఈ నేలలో వేరే మర్యాదైన దారి లేదని నా అభిప్రాయం.

మొదట కొన్నది మడత కుర్చీ రకం. ఇనుప కాళ్లు, మధ్యలో బోలుగా ఉన్న సీటు, దాని కింద సంచి, సంచిలో చల్లే పొడి. ఆ పొడి పిల్లల డైపర్లలో ఉండే పదార్థం లాంటిదే. నీటిని పీల్చుకుని జిగురు ముద్దలా గడ్డకడుతుంది. బరువు తక్కువ, ధర తక్కువ, డిక్కీలో చాపలా ఒదిగిపోతుంది. కాగితంతో తుడుచుకునేవారికి అది సరిపోవచ్చు. మనం నీళ్లతో కడుక్కుంటాం. చెంబెడు నీళ్లు పడేసరికి పొడి సగమే గడ్డకట్టింది, మిగతాది సంచి అడుగున పల్చగా ఊగుతూ ఉంది. మూత్రంలోని ఉప్పు వల్ల కూడా ఆ పొడికి పీల్చే శక్తి బాగా తగ్గుతుంది. దీనికి తోడు తడి ఇసుకలో కుర్చీ కాళ్లలో ఒకటి కూరుకుపోయి, మా పెద్దమ్మాయి పక్కకు ఒరిగింది. పక్కనే ఉన్న నేను పట్టుకోబట్టి సరిపోయింది. ఈ రెండు లోపాలనూ ఎలాగో సర్దుకున్నా, సంచి ఎక్కడ పారేయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మన ఊళ్లలో చెత్తబండిలో వేసిన డైపర్లే చాలాసార్లు రోడ్డు పక్క పొగపెట్టిన కుప్పల్లోనో కాలువ పక్కనో తేలుతున్నాయి. అక్కడికి ఇంకో సంచి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. రెండుసార్లు వాడి మానేశాను.

రెండోది డబ్బా రకం. మూత గట్టిగా పట్టే 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా మీద సీటు బిగించి, పని అయిన ప్రతిసారీ పైన రెండు గుప్పెళ్ల పొడి సరుకు చల్లాలి. విదేశాల్లో రంపపు పొట్టు వాడతారు. మనకు కొబ్బరి పొట్టు ఉంది, ధాన్యం మిల్లుల దగ్గర ఊక బూడిద ఉంది. అవి మాకు ఊరికే దొరుకుతాయి. నిజం చెప్పాలంటే వాసన విషయంలో ఈ రకాన్ని మించినది నేను చూడలేదు. కొబ్బరి పొట్టు తేమను పీల్చేస్తుంది, ఈగ వాలదు, మందులేవీ అక్కర్లేదు. అయితే పొట్టు పొడిగా ఉన్నంతసేపే ఆ మేలు. కడుక్కునే నీళ్లు దాంట్లో పడకూడదు కాబట్టి పక్కన ఇంకో పళ్లెంలో కడుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారిని ఒకచోట నుంచి లేపి ఇంకోచోట కూర్చోబెట్టడం జరిగే పని కాదు. ఇంటికి తెచ్చాక కూడా దాన్ని వర్షం, వరద తగలని ఎత్తయిన తొట్టిలో ఏడాదికి తక్కువ కాకుండా మాగనిచ్చి, ఆ తర్వాతే చెట్ల మొదట్లో వేయాలి, అదీ కూరగాయలకు కాదు. పెరడు ఉండి ఓపిక ఉన్నవారికి, మోకాళ్లు బాగున్నవారికి ఇది మంచి ఎంపికే. మాకు కుదరలేదు.

మూడోది, మా ఇంట్లో మిగిలినది, రెండు ట్యాంకుల పెట్టె. పై భాగంలో సీటు, మూత, 15 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, చేత్తో నొక్కే పంపు. కింది భాగంలో 21 లీటర్ల మలిన ట్యాంకు. రెండింటికీ మధ్య పక్కకు లాగితే తెరుచుకునే జారుడు మూత, దాని చుట్టూ రబ్బరు వాషరు. పక్క క్లిప్పులు విప్పితే పై భాగం విడిపోయి, కిందిది పిడి ఉన్న సూట్‌కేసులా చేతికి వస్తుంది. ఖాళీ పెట్టె బరువు నాలుగు కిలోల పైచిలుకు. నాకు 12 వేల రూపాయలు దాటింది. ఆ ధర మా ఇంట్లో కొంత చర్చకు దారితీసింది గాని, డాక్టరు ఖర్చూ ఆవిడ పడ్డ బాధా గుర్తున్నాయి కాబట్టి వెనక్కి తగ్గలేదు.

ఇలాంటి పెట్టె కొనేవారు ముందు చూడవలసినది ట్యాంకు ఎన్ని లీటర్లన్నది కాదు, ఆ లీటర్లు మనకు ఎన్నిసార్లకు వస్తాయన్నది. అట్టపెట్టె మీద రాసిన లెక్కలు కాగితం వాడేవారివి. మన లెక్క చెంబుతో వేయాలి. మొదటి మకాములో మేం మామూలుగా ఇంట్లో వాడినట్టే చెంబుతో కడుక్కున్నాం. పెద్ద పనికి చెంబున్నర నీళ్లు, ఆ పైన పంపు నొక్కితే అర లీటరు, అన్నీ కలిపి మనిషికి దరిదాపు రెండు లీటర్లు. చిన్న పనికి లీటరు. అయిదుగురికి ఒక పూట పెద్ద పని, రెండేసి సార్లు చిన్న పని అనుకుంటే ఇరవై లీటర్లు. అంటే ఒక్క రోజుకే ట్యాంకు నిండిపోయింది. మర్నాడు పొద్దున్న, ట్యాంకు నిండిందని చూపే సూచికలో ఎర్ర గీత కనబడేసరికి మేం ఇంకా టిఫిన్లు కూడా తినలేదు.

తర్వాత ఒక చిన్న ఉపాయం దొరికింది. లీటరు నీళ్ల సీసా మూతకు, కాల్చిన సూదితో అయిదారు చిల్లులు పొడిచి, సీసాను వంచి నొక్కితే సన్నని ధారలుగా నీళ్లు వస్తాయి. పావు లీటరుతో శుభ్రంగా పని జరిగిపోతుంది. పిల్లలకు ఒక్క పూటలో అలవాటైంది. అత్తయ్యగారికి రెండు మకాములు పట్టింది, ఆవిడకు చెంబు లేకపోతే శుభ్రమైనట్టు అనిపించేది కాదు. ఇప్పుడు అదే ట్యాంకు మా అయిదుగురికి రోజున్నర హాయిగా వస్తుంది. ఇద్దరే వెళ్లేవారికి నాలుగు రోజుల మకాముకు లోటుండదు. సముద్రం ఒడ్డున ఉప్పునీళ్లు కావలసినన్ని ఉన్నాయి గదా అని పై ట్యాంకులో అవి పోయకండి. ఇసుక పలుకులు పంపు గొట్టంలో ఇరుక్కుంటాయి, ఉప్పు లోపల పేరుకుంటుంది. ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్లే పోయాలి.

రెండో ముఖ్యమైన విషయం ఎత్తు. ఇదే పెట్టె చిన్న సైజులో, 10 లేక 12 లీటర్ల ట్యాంకుతో దొరుకుతుంది, ధర కూడా తక్కువ. దాని ఎత్తు 12 అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది. ఒక పొట్టి పీట మీద కూర్చున్నట్టే. పిల్లలకు బాగుంటుంది. మోకాళ్లు అరిగినవారు దాని మీద కూర్చోగలరు గాని లేవలేరు. పెద్ద పెట్టె 16 అంగుళాలు, అంటే మామూలు కుర్చీకి కాస్త తక్కువ. ఇంట్లో పెద్దవారుంటే డబ్బు దగ్గర వెనుకాడకుండా పెద్దదే తీసుకోమని చెబుతాను. మేం దానికి తోడు కుడిచేతి వైపు ఒక వెదురు కర్రను భూమిలో గట్టిగా పాతుతాం. ఆవిడ దాన్ని పట్టుకుని తనంతట తానే లేస్తారు. మనిషి సాయం లేకుండా లేవగలగడం ఆవిడకు ఎంత ముఖ్యమో ఆ కర్ర పాతాక గాని నాకు అర్థం కాలేదు.

ఇక ఈ పెట్టెకు ప్రాణం రబ్బరు వాషరులో ఉంది. రెండో ఏడు అంతర్వేది నుంచి తిరిగి వస్తుంటే, సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి కారు ఎక్కించాక వెనక నుంచి వాసన మొదలైంది. డిక్కీ తీసి చూస్తే ట్యాంకు మూత అంచు నుంచి ఒక చెంచాడు తడి కారి కింద పరిచిన గోనె మీద మరకైంది. పంటు మీద పక్కనే మోటారుసైకిళ్లు, చేపల బుట్టలతో ఆడవాళ్లు. కదలడానికి చోటు లేదు. అవతలి ఒడ్డు చేరేదాకా నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. ఇంటికి వచ్చి చూస్తే వాషరు అంచున బియ్యపు నూకంత ఇసుక పలుకు ఇరుక్కుని ఉంది. జారుడు మూత దాని మీదుగా మూసుకోవడంతో వెంట్రుకంత సందు మిగిలింది. తప్పు పెట్టెది కాదు. మూయబోయే ముందు తడిగుడ్డతో వాషరు చుట్టూ తుడవకపోవడం నాది. అప్పటినుంచి మకాం ఎత్తేముందు తుడవడం, మూయడం, ట్యాంకును అయిదు నిమిషాలు పాత పేపరు మీద ఓ పక్కకు వాల్చి చూడడం అలవాటు చేసుకున్నాను. కొత్తగా కొన్నవారు మంచినీళ్లు పోసి ఇదే పరీక్ష ఇంట్లో చేసుకోవాలి. పేపరు తడిస్తే వస్తువు వాపసు చేయడానికి గడువు అప్పటికి ఇంకా ఉంటుంది.

వాషరు బిరుసెక్కకుండా ఏదో ఒక జిడ్డు రాయాలి. కోనసీమ పక్కన ఉన్నవాళ్లం కాబట్టి నాకు మొదట తోచింది కొబ్బరినూనె. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆ నూనె పేరుకుని, జారుడు మూత లాగితే రాలేదు. రెండు చేతులతో లాగవలసి వచ్చింది. పేరుకున్న నూనెకు దుమ్ము కూడా అంటుకుంది. ఇప్పుడు ప్లంబింగ్ సామాను కొట్లలో దొరికే సిలికాన్ జిడ్డు చిటికెడు రాస్తున్నాను, మూత వేలితో లాగినా కదులుతుంది. ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు మాత్రం ట్యాంకులో వేయకండి, వాషరు పాడవుతుంది. నేను పెట్టె కొన్న అమ్మకందారు ఈ వాషరు విడిగా ఇస్తామని చెప్పి, ఎనిమిది నెలలు అడిగినా పంపలేదు. పెట్టె ఎంత బాగున్నా వాషరు విడిగా దొరకదంటే దాన్ని కొనవద్దనే చెబుతాను. నేను చివరికి వేరేచోట రెండు తెప్పించి పెట్టుకున్నాను.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మన వైపు వేసవిలో మూసిన డిక్కీలో ఉన్న ట్యాంకులో గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ తర్వాత కూర్చున్నవారు జారుడు మూత లాగితే గాలి ఒక్కసారిగా పైకి తన్ని, తుంపర ఎగురుతుంది. అందుకని ముందు సీటు పైమూత వేసి ఉండగానే జారుడు మూతను ఒక్క వేలెడు లాగి, గాలి పోనిచ్చి, మళ్లీ మూసి, అప్పుడు కూర్చోవాలి. పెట్టెను ఎప్పుడూ నీడలోనే ఉంచాలి.

కింది ట్యాంకులో వేసే మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉన్నవి, లేనివి అని రెండు రకాలు. మొదటి రకం వాసనను బాగా అణుస్తుంది గాని, అది సూక్ష్మజీవులను చంపే మందు. తర్వాత మనం దాన్ని పోసేది ఇంటి సెప్టిక్ ట్యాంకులోనే కాబట్టి అక్కడ మలాన్ని కుళ్లబెట్టే జీవులను కూడా చంపుతుంది. ఫినాయిలు పోసినా అంతే. ఫార్మాల్డిహైడ్ లేనిదే వాడండి. కొలత సీసా మీద రాసినంతే.

చాటు కోసం పెట్టెతో పాటు నిలువు గుడారం ఒకటి అమ్ముతారు. ఓడలరేవు అనే తీరపు ఊరి ఒడ్డున మధ్యాహ్నం సముద్రపు గాలికి అది గొడుగులా తిరగబడింది. మేకులు ఇసుకలో నిలవవు. నాలుగు మూలలా సిమెంటు సంచుల్లో ఇసుక నింపి కడితే నిలబడింది. లంకల్లో, తోటల్లో అయితే అదీ అక్కర్లేదు. నాలుగు వెదురు కర్రలు పాతి కొబ్బరాకుతో దడి కడితే గాలి ఆడుతుంది, లోపల ఉక్క పోయదు, నలుగురి కళ్లకూ ఎబ్బెట్టుగా ఉండదు. పెట్టె కింద మాత్రం ఒక చెక్క పలక తప్పకుండా వేయాలి, ఇసుకయినా రేగడి అయినా.

ఖాళీ చేయడం చాలామంది అనుకున్నంత అసహ్యమైన పని కాదు. నిండిన ట్యాంకు పాతిక కిలోలు తూగుతుంది కాబట్టి ముప్పావు దాటనివ్వకుండా చూసుకుంటే ఒక్కరే మోయగలరు. ఇంటి మరుగుదొడ్డిలో నేల మీది బేసిన్ దగ్గర కూర్చుని, ట్యాంకు మూతి బయటికి తిప్పి, మూత తీసి, గాలి బటను నొక్కిపట్టి నెమ్మదిగా వంచాలి. బటను నొక్కితే గుడగుడమని చిందకుండా ఒకే ధారగా పడుతుంది. రెండు సార్లు మూడేసి లీటర్ల నీళ్లు పోసి ఊపి పారబోస్తే లోపల శుభ్రమవుతుంది. చేతులకు తొడుగులు, ఆ తర్వాత సబ్బు. ఇక్కడ ఒక్క మాట నొక్కి చెప్పాలి. మన ఊళ్లలో కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకు గొట్టం నేరుగా మురుగు కోడులోకి వదిలి ఉంటుంది. అలాంటి ఇంట్లో పోస్తే ఇంత శ్రమపడి మోసుకొచ్చినదంతా మళ్లీ నీటిలోకే పోతుంది. వానాకాలంలో భూగర్భజలం పైకొచ్చి సెప్టిక్ ట్యాంకులు పొంగే రోజుల్లో కూడా ఆగాలి. మేం ఆషాఢం నుంచి వర్షాలు తెరిపిచ్చేదాకా మకాములు పెట్టుకోం.

రోజు ప్రయాణాలకు, పాపికొండల పడవల్లాంటి మరుగుదొడ్డి ఉన్న ఏర్పాట్లకు ఇంత సామాను అక్కర్లేదు. రాత్రి బస ఉండి, వెంట పెద్దవారో, ఆడపిల్లలో, పసిపిల్లలో ఉంటే మాత్రం రెండు ట్యాంకుల పెద్ద పెట్టెనే సిఫారసు చేస్తాను. మా అత్తయ్యగారు ఇప్పుడు మకాముల్లో భోజనం అయ్యాక రెండో గ్లాసు కూడా అడిగి తాగుతున్నారు. కిందటి మాఘమాసంలో ఒకసారి మజ్జిగ కూడా.

వాడని రోజుల్లో పెట్టెను కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, జారుడు మూత సగం తెరిచి ఉంచి అటక మీద పెట్టుకోండి. మూసి పెడితే రబ్బరు అంటుకుపోయి, కార్తీకం వచ్చేసరికి మూత లాగినప్పుడు వాషరు చిరుగుతుంది. మా పక్కింటివారు వనభోజనాలకు అడిగి తీసుకెళ్లినప్పుడు కూడా ఈ ఒక్కటే రెండుసార్లు చెప్పి పంపాను.